నల్ల హూలాక్ గిబ్బన్: మగదా, ఎదగని ఆడదా?

మాది హనుమకొండ. స్కూల్ సైన్స్ ఫెయిర్ చార్టు కోసం, అస్సాంలోని జోర్హాట్ దగ్గర అభయారణ్యంలో మా తమ్ముడు తీసిన పశ్చిమ హూలాక్ గిబ్బన్ అనే వానరం ఫోటో వాడుతున్నాం. ఒళ్లంతా నలుపు, తెల్లని కనుబొమలు, తోక లేదు (మన కొండముచ్చుకైతే ముందు తోకే కనిపిస్తుంది).

నలుపు కాబట్టి మగదే అనలేం. ఆడవి కూడా పసితనం దాటాక ఎదిగేదాకా నల్లగానే ఉండి, తర్వాతే గోధుమరంగుకు మారతాయి. సైజు చూసి తేల్చుదామంటే ఆడా మగా ఇంచుమించు ఒకటే. అరుపు పనికిరాదు, రెండూ కలిసే పాడతాయి, పైగా వీడియో లేదు. జూమ్ చేశాను, కాళ్ల మధ్య భాగం ఆకుల చాటున పోయింది. చార్టు సోమవారం ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

ముఖం, ఛాతీ మాత్రమే స్పష్టంగా కనిపించే ఫోటోలో ఎదిగిన మగదాన్ని, ఎదగని ఆడదాన్ని ఎలా గుర్తుపట్టాలి?