ఉస్తాద్ పాత్ర దగ్గర ఆగిపోయాం: తక్కువ ఖర్చుతో దొంగల సినిమా తీసినవాళ్లు మీ అనుభవం చెప్పండి

కాజీపేట_పోరడు:
అందరికీ నమస్తే. మేం ఆరుగురం దోస్తులం. ఇద్దరికి ఉద్యోగాలున్నాయి, మిగతావాళ్లు డిగ్రీ అయిపోయి పని వెతుక్కుంటున్నారు. అందరం కలిసి పోగేసింది 3 లక్షల 20 వేలు. దాంతో గంటన్నర యాక్షన్ థ్రిల్లర్ తీయాలని దిగాం.

కథ ఇది. కాజీపేటలో బైకులు ఎత్తుకుపోయే పంతొమ్మిదేళ్ల పోరడు. ఒక రాత్రి జనం తరుముతుంటే మెకానిక్ షెడ్డు పెద్దాయన ఒకాయన వాణ్ని లోపలికి లాగి షట్టర్ దించేస్తాడు. అప్పటినుంచి ఆయనే వాడికి ఉస్తాద్. అన్నం పెడతాడు, పని నేర్పిస్తాడు, చివరికి వాడి చేతనే ఒక మనిషిని చంపించే దాకా తీసుకుపోతాడు. ఆయన చేతుల్లోంచి పోరడు బయటపడటమే రెండో సగం.

మా ఇబ్బంది ఉస్తాద్ దగ్గరే. నాలుగుసార్లు తిరగరాశాం. ప్రతిసారీ అదే సిగరెట్టు, అదే బొంగురు గొంతు, అవే భారీ డైలాగులు. చదివినవాళ్లంతా "వీడు చెడ్డోడని మాకు మొదటి సీన్లోనే తెలిసిపోయింది, పోరడికి ఎందుకు తెలియదు?" అని అడుగుతున్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఫైట్లు నాలుగు రాసుకున్నాం, ఒకటి ఖిలా వరంగల్‌లో. ఇలాంటివి తీసినవాళ్లు, నటించినవాళ్లు మీరు చేసిన పొరపాట్లు కూడా దాచకుండా చెప్పండి. ఇది పోతే మళ్లీ పోగేయడానికి మా దగ్గర ఏమీ లేదు.

గోదావరిఖని_ఎడిటర్:
తమ్మీ, ముందు ఫైట్ల సంగతి చెప్తా. రెండేళ్ల కింద ఇలాంటి సినిమా ఒకటి ఎడిట్ చేశాను. అందులో ఐదు ఫైట్లు. షూటింగ్‌లో నాలుగు రోజులు వాటికే పోయాయి. నా దగ్గరికి వచ్చాక పనికొచ్చింది ఒక్కటే, అది చిన్న వంటగదిలో తీసింది. గోడలు దగ్గరగా ఉంటే తప్పుకోవడానికి చోటుండదు, చూసేవాడికి కూడా ఊపిరాడదు. మైదానంలో తీసిన నాలుగూ ఇద్దరు పిల్లలు ఆడుకుంటున్నట్టే ఉన్నాయి. మీ నాలుగులో మూడు తీసేసి ఒక్క ఫైట్ పెట్టుకోండి, అదీ షెడ్డులోనే.

కొట్టేవాడి చెయ్యి ఎదుటివాడి ముఖానికి జానెడు దూరం నుంచి పోయినా, కెమెరా కొట్టేవాడి భుజం వెనక ఉంటే తగిలినట్టే కనిపిస్తుంది. పక్కనుంచి పెడితే ఆ ఖాళీ తెలిసిపోతుంది. దెబ్బ తిన్నవాడు ఎప్పుడు తల తిప్పాడన్నదే అసలు విషయం. దాన్ని వారం రోజులు నెమ్మదిగా, అంకెలు లెక్కపెట్టుకుంటూ ప్రాక్టీస్ చేయించండి. అందరూ అలసిపోయాక రాత్రి రెండింటికి ఫైట్ తీయకండి. మా హీరోకి పెదవి చిట్లింది అప్పుడే.

ఇంకొకటి, షెడ్డులో ట్యూబ్‌లైట్లు ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకు 24 ఫ్రేములు పెట్టుకుని కెమెరా షట్టర్ వేగం సెకనులో యాభయ్యో వంతు (1/50) దగ్గర ఉంచితే చాలావరకు మినుకు రాదు. స్లో మోషన్ కోసం ఫ్రేములు 120కి పెంచారంటే వెలుగు కొట్టుకోవడం మొదలవుతుంది. మావాళ్లు కెమెరా చిన్న తెర మీద చూసుకుని బాగుందనుకున్నారు. పెద్ద తెర మీద క్లైమాక్స్ అంతా మినుకుమినుకే. స్లో మోషన్ కావాలంటే పగటి వెలుగులో తీసుకోండి.

సౌండ్_అక్క_హన్మకొండ:
ఆ మూడు ఫైట్లు తీసేస్తే మిగిలే డబ్బు సౌండ్‌కి పెట్టండి తమ్ముడూ. మంచి మైకు ఒకటి, దాన్ని కర్రకు కట్టి పట్టుకునే మనిషి ఒకరు. ఆ మనిషికి ఇంకే పనీ చెప్పొద్దు. ప్రతి చోటా సీన్ అయిపోయాక అందరినీ కదలకుండా నిలబెట్టి అర నిమిషం ఉత్త నిశ్శబ్దం రికార్డ్ చేసుకోండి. ఎడిటింగ్‌లో మాటకూ మాటకూ మధ్య అతుకు తెలియకుండా ఉండేది దానితోనే. నా మొదటి సినిమాలో అది మరిచిపోయి పద్దెనిమిది సీన్లకు మళ్లీ డబ్బింగ్ చెప్పించాల్సి వచ్చింది.

మీది కాజీపేట. ఢిల్లీ–చెన్నై లైనూ సికింద్రాబాద్ లైనూ కలిసే జంక్షన్. రైలు కూత లేకుండా ఐదు నిమిషాల టేక్ మీకు దొరకదు. దాంతో కొట్లాడొద్దు, కథలోకి తెచ్చుకోండి. ఉస్తాద్ మాట్లాడుతుంటే రైలొస్తుంది. ఆయన ఆగిపోతాడు. పోరడూ ఆగుతాడు. రైలు పోయేదాకా ఆయన చూపు తిప్పడు. పోయాక ఏ మాట దగ్గర ఆపాడో అక్కడినుంచే అందుకుంటాడు. ఆ మనిషి ఎంత ఓపికగలవాడో అప్పుడు తెలుస్తుంది, అందులోనే భయం ఉంది.

దెబ్బల చప్పుళ్లు తర్వాత ఇంట్లో చేసుకోవచ్చు. తడి తువ్వాలు గోడకేసి కొట్టండి. ఎముక విరగడానికి చెరుకు గడ చాలు.

ఏనుమాముల_పక్కింటోడు:
సౌండ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఏనుమాముల మార్కెట్‌లో ఛేజింగ్ తీయాలని చాలామందికి ఉంటుంది, బస్తాల వరుసలు చూడటానికి బాగుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో మాత్రం రావద్దు. మిర్చి సీజన్. ఆ ఘాటుకు అలవాటు లేనివాడు రెండు నిమిషాలు పరిగెత్తలేడు, ఒకటే దగ్గు. మా దగ్గరికి వచ్చిన టీమ్ ఒకటి పొద్దున ఏడింటికి మొదలుపెట్టి తొమ్మిదికల్లా సర్దుకుంది. హమాలీల పనికి అడ్డం వస్తున్నారని వాళ్లకు కోపం కూడా వచ్చింది, అది న్యాయమే. వాళ్లకు బస్తాను బట్టి కూలి.

పాత_నాటకం:
బాబూ, నాకు యాభై ఎనిమిదేళ్లు. నాటకాలు ముప్పై ఏళ్లు వేశాను. చిన్న సినిమాల్లో ఇలాంటి గురువు వేషం రెండుసార్లు కట్టాను. మొదటిసారి మీరు రాసుకున్నట్టే చేశాను, కళ్లు చిన్నవి చేసి, మాట సాగదీసి. అది చూసి మా ఆవిడ ఒక్కటే అడిగింది, "ఆ పిల్లాడు నీ దగ్గర ఎందుకున్నాడు?" అని. నాకు నా చిన్నప్పటి ఉస్తాద్ గుర్తొచ్చాడు.

పదమూడేళ్లప్పుడు బడి మానేసి పోచమ్మ మైదాన్ దగ్గర ఒక లారీ షెడ్డులో చేరాను. పక్క షెడ్లలో పోరగాళ్లకు పానాతో మొట్టికాయలు పడేవి. మా ఉస్తాద్ నన్ను ఒక్కసారి కూడా కొట్టలేదు. పొద్దున చాయ్ తెప్పిస్తే మొదటి గ్లాసు నాకే. డీజిల్‌కి నా చేతులు పుండ్లు పడితే తనే కొబ్బరినూనె రాశాడు. జీతం అడిగితే "నా దగ్గరుంటే ఎటు పోతది బేటా" అనేవాడు. మా నాన్న కన్నా ఆయనంటేనే నాకు ఎక్కువ ఇష్టం, ఇది నిజం. రెండేళ్లు అట్లా గడిచాయి. మా అమ్మకు జబ్బు చేసి డబ్బు కావాలని అడిగిన రోజు గల్లాపెట్టె కిందనుంచి ఒక నోట్‌బుక్ తీశాడు. నేను తాగిన ప్రతి చాయ్, తిన్న ప్రతి రొట్టె, ఆ కొబ్బరినూనె సీసా, దసరాకు కుట్టించిన చొక్కా, అన్నీ తారీఖులతో సహా రాసి ఉన్నాయి. కూడితే నేనే ఆయనకు బాకీ. గొంతు పెంచలేదు. పుస్తకం నా వైపు తిప్పి, "చూసుకో, తప్పుంటే చెప్పు" అన్నాడు.

ఆయన నా చేత ఏ నేరమూ చేయించలేదు. కానీ ఆ పుస్తకం చూసినప్పుడు నా కాళ్లలో పుట్టిన వణుకు ఇప్పటికీ తెలుసు. ఆ రోజు ఆయన ఏ పని చెప్పినా చేసేవాణ్ని.

రెండోసారి వేషం కట్టినప్పుడు ఆయన్నే చేశాను. ప్రతి సీన్లో పిల్లాడికి ఏదో ఒకటి ఇస్తూ పోయాను. డైరెక్టర్‌కి నచ్చలేదు, విలన్ మరీ మెత్తగా ఉన్నాడన్నాడు. నేను పట్టుబట్టాను. ఒక ఫంక్షన్ హాల్లో తెర కట్టి వేస్తే, పుస్తకం తెరిచిన చోట వెనక వరుసలో ఒక తల్లి "అయ్యో" అంది. మీ ఉస్తాద్ చేతిలోంచి సిగరెట్టు తీసేసి అన్నం గిన్నె పెట్టండి.

కాజీపేట_పోరడు:
సార్, ఇది చదివి మా రూమ్‌లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ పుస్తకాన్ని మా సినిమాలో పెట్టుకోవచ్చా? మీ జీవితంలోది కాబట్టి అడుగుతున్నాను.

పాత_నాటకం:
పెట్టుకో బాబూ. ఒక్క మాట. పుస్తకం ముందే చూపించకు. ఆయన ఏదో రాసుకుంటున్నట్టు రెండుసార్లు వెనకాల కనిపిస్తే చాలు. షాపు లెక్కలని అందరూ అనుకోవాలి.

కోర్టు_మెట్లు:
వరంగల్‌లోనే వకీలుగా చేస్తున్నాను. పోరడి వయసు పంతొమ్మిది కాదు, పదిహేడున్నర చెయ్యి తమ్ముడూ. ఇలాంటి ఉస్తాద్‌లు చిన్నవాళ్లనే ఎందుకు పట్టుకుంటారంటే, "నువ్వు చిన్నోడివి, నీకేం కాదు, రెండు నెలల్లో బయటికొస్తావ్" అని నమ్మించవచ్చు. నా దగ్గరికి వచ్చిన పిల్లలు దాదాపు ఇదే మాట చెప్తారు, చెప్పినవాడి మీద కోపం లేకుండా చెప్తారు.

ఆ మాట సగం అబద్ధం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పదహారు నిండినవాడు హత్యలాంటి ఘోరమైన నేరం చేస్తే పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు వాడి మానసిక స్థితి, తెలివిడి పరిశీలిస్తుంది. పెద్దవాళ్లలాగే విచారించాలనిపిస్తే కేసును పిల్లల కోర్టుకు పంపవచ్చు. బైకు దొంగతనం వరకు ఉస్తాద్ మాట నిజమైనట్టే కనిపిస్తుంది, హత్య దగ్గర అది విరిగిపోతుంది. ఆ సంగతి ఉస్తాద్‌కి తెలుసు, పోరడికి తెలియదు. మీ రెండో సగానికి కావలసిన టెన్షన్ ఇక్కడుంది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 95 చూడండి. నేరం చేయించడానికి పిల్లల్ని పెట్టుకున్నవాడికి మూడేళ్లకు తగ్గకుండా పదేళ్ల దాకా జైలు. ఆ నేరం జరిగితే దాన్ని తనే చేసినట్టుగా ఆ శిక్ష కూడా పడుతుంది. అంటే పోరడి వయసుకు రుజువు ఉస్తాద్‌కి ఉరితాడు లాంటిది. బడి సర్టిఫికెట్ కాగితం ఒకటి చాలు, దాని కోసం ఇద్దరూ కొట్టుకుంటారు. షెడ్డులో ఆ ఒక్క ఫైట్‌కు కారణం దొరికినట్టే కదా.

బైకు తాళం తీసే పద్ధతి మాత్రం వివరంగా చూపించకండి. పోరడి ముఖం, చప్పుడు చాలు.

వడ్డేపల్లి_కెమెరా:
ఖిలా వరంగల్ వద్దు. కీర్తి తోరణాలు, వాటి చుట్టుపక్కల కట్టడాలు కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. సినిమా తీయాలంటే ముందుగా అనుమతి, ఫీజు, అంతా పద్ధతి ప్రకారం జరగాలి. అక్కడ ఫైట్ అంటే రాళ్లకు దెబ్బ తగిలే ప్రమాదమూ ఉంది. ప్లాట్‌ఫాం మీద తీయాలన్నా రైల్వే అనుమతి కావాలి, సౌత్ సెంట్రల్ రైల్వే సికింద్రాబాద్ నుంచి రావాలి. అక్క చెప్పినట్టు రైలును వినిపించడమే మీకు మేలు.

మా తప్పు చెప్తాను. చెరువు కట్ట మీద సాయంత్రం బొమ్మ తుపాకీతో సీన్ తీస్తున్నాం. కెమెరా దూరంగా చెట్టు వెనక పెట్టాం, సహజంగా ఉంటుందని. వాకింగ్‌కి వచ్చినవాళ్లకు కెమెరా కనపడలేదు, తుపాకీ కనపడింది. ఒక పెద్దావిడ భయంతో కింద పడిపోయింది. ఆమెకు ఏమీ కాలేదు, కానీ ఆ ముఖం నేను మరిచిపోలేను. పోలీసులు వచ్చి మమ్మల్ని రాత్రి రెండింటి దాకా కూర్చోబెట్టారు. వాళ్లదేం తప్పు లేదు. అప్పటినుంచి తేదీలు, చోటు, మా పేర్లు, వాడే బొమ్మ ఆయుధం ఫొటోతో స్టేషన్‌లో ముందే లెటర్ ఇస్తాను. స్టాంపు వేయించుకున్న కాపీ జేబులో ఉంటుంది. అసలు మీ కథకు తుపాకీ ఎందుకు? షెడ్డు నిండా పానాలు, జాకీ రాడ్లు ఉన్నాయి.

మిల్స్_కాలనీ_బిడ్డ:
ఉస్తాద్‌కి గతం కావాలంటే మా నాన్న తరాన్ని చూడండి. వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లు 1934లో మొదలైంది, 2002లో మూతపడింది. పని పోయినవాళ్లు ఆటో నడిపారు, కిరాణా పెట్టారు, మెకానిక్‌లయ్యారు. మిల్లులో పనిచేసినవాళ్లకు లెక్క అంటే ప్రాణం, షిఫ్టు లెక్క, మీటర్ల లెక్క. మీ ఉస్తాద్ అక్కడినుంచి వచ్చినవాడైతే ఆ పుస్తకం ఎందుకు రాస్తాడో అర్థమవుతుంది. ఒక్కటే కోరిక, మిల్లు పోయింది కాబట్టి దొంగయ్యాడని మాత్రం రాయకండి. వేల మందికి పని పోయింది, వాళ్లు కష్టపడి పిల్లల్ని చదివించారు.

గోదావరిఖని_ఎడిటర్:
ఉద్యోగాలున్నాయి అన్నావు కదా, దాని గురించి దిగులు పడకు. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్', 1998లో వచ్చింది, దొంగతనంలోకి లాగే ఒక మనిషి వెంట నడిచిన కుర్రాడి కథే. దాదాపు 6 వేల డాలర్లతో తీశారు. అందరికీ ఉద్యోగాలు, అందుకని శనివారాల్లో ఏడాదిపాటు తీశారు. ఫిల్మ్ ఖర్చు మిగలాలని సీన్లను నాటకంలా ముందే బాగా రిహార్సల్ చేసి ఒకటి రెండు టేకుల్లో ముగించారు. మీరు చేయాల్సిందీ ఆ రిహార్సలే. చొక్కాలు మాత్రం ప్రతిదీ రెండు జతలు కొనుక్కోండి, ఏడాదిలో రంగు వెలుస్తుంది.

కాజీపేట_పోరడు:
ఇరవై రోజుల తర్వాత రాస్తున్నాను. ఫైట్ ఒక్కటే ఉంచాం. పోరడికి పదిహేడున్నర. తుపాకీ తీసేశాం. మొన్న ఆదివారం షెడ్డులో ఒక సీన్ ఫోన్‌తో తీసి చూసుకున్నాం. ఉస్తాద్ పోరడికి అన్నం కలిపి పెడుతుంటాడు, రైలొస్తుంది, ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని ఆగుతాడు. రైలు పోయాక "కారం ఎక్కువైందా" అంటాడు. పోరడు వేషం వేసిన మా వాడు ఇంటికెళ్లేటప్పుడు ఉస్తాద్ వేషం వేసిన అంకుల్ పక్కన బండి మీద కూర్చోలేదు, నడిచి వెళ్లాడు. ఎందుకని అడిగితే తెలియదన్నాడు.

పుస్తకం సీన్ ఇంకా తీయలేదు. పాత నాటకం సార్, ఆ రోజు మీరు షెడ్డుకు వస్తారా? నటించమని కాదు. నోట్‌బుక్‌లో ఏ వస్తువు పక్కన ఎంత రాయాలో మాకు తెలియడం లేదు.

పాత_నాటకం:
వస్తాను. అట్ట ఉన్న పొడుగు లెడ్జర్ కొనకండి, పిల్లల బడి నోట్‌బుక్ తెండి. మొదటి పేజీ నేను నా చేత్తో రాస్తాను.