దుడ్డుకర్రలో దుడ్డు ఏ దుడ్డు?

పొద్దుట్నుంచి ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది. టెన్త్‌లో మా సోషల్ మాస్టారు అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ మాటని తెలుగులో చెప్పేవారు, "మెత్తగా మాట్లాడు, దుడ్డుకర్ర మాత్రం..." తర్వాత "వదలకు" అన్నారో "చేతబట్టు" అన్నారో గుర్తు రావట్లేదు, చివర ఇంకో ముక్క కూడా ఉండాలి.

— చివరి ముక్క "చాలా దూరం పోతావు". 1901 సెప్టెంబర్ 2న మిన్నెసోటా జాతరలో అన్నాడు, అప్పటికింకా వైస్ ప్రెసిడెంటే. అంతకు ముందేడాది ఒక ఉత్తరంలోనూ రాశాడు, పశ్చిమ ఆఫ్రికా సామెత అని. కానీ "మెత్తగా" ఏంటండీ, లొంగిపోయినట్టుంది, "మెల్లగా" అనాలి.

— మెల్లగా అంటే స్పీడు తగ్గించడం సార్. మెత్తగానే రైటు. తిక్కన గారి కృష్ణుణ్ణి చూడండి, కౌరవసభలో ఎంత మెత్తగా మొదలెడతాడు, విశ్వరూపం చివర్లో కదా! రాయబారమంటే అదీ.

— తిక్కన సరేగానీ అసలు సంగతి దుడ్డు. మా అనంతపురంలో దుడ్డంటే డబ్బు, "దుడ్లు ఉండాయా" అంటాం. రూజ్వెల్ట్ తర్వాత టాఫ్ట్ వచ్చి 1912లో తుపాకి గుళ్ల బదులు డాలర్లు అన్నాడు కదా, ఈ ఒక్క మాటలో ఇద్దరి విదేశాంగ విధానమూ ఉంది.

— అన్నా, కలపొద్దు. ఈ దుడ్డుకి అర్థం లావు. మా తాత కర్ర చింతది, మొదట్లో నా ముంజేయంత ఉండేది, కొసన ఇనప పొన్ను, అరుగు మీద పెడితే ఠక్ మనేది. ఆ చప్పుడుకే మేం పుస్తకాలు తీసేవాళ్లం.

— చూశారా, చప్పుడు చాలు! అందుకే "చేతబట్టు" కాదు, "వెంట ఉంచుకో". పనామా అప్పుడు కొలంబియాలో భాగం. 1903 నవంబర్‌లో అమెరికా యుద్ధనౌక నాష్‌విల్ అక్కడి కొలోన్ రేవులో నిలబడింది, కొలంబియా సైన్యం పనామా సిటీకి పోలేకపోయింది, 3న పనామా వేరుపడింది, 18కల్లా అమెరికాతో పనామా కాలువ ఒప్పందం మీద సంతకాలు.

— లావు అర్థం ఒప్పుకుంటా తమ్ముడూ, అయినా డబ్బుని వదల్ను. టాఫ్ట్ డాలర్లన్న ఆ 1912లోనే నికరాగువాలో మెరైన్లు దిగారు. దుడ్డు పోయిన చోటికి కర్ర కూడా పోయింది.

— అందరికీ థాంక్స్, కానీ మాస్టారు "వెంట ఉంచుకో" అనలేదు, అది ఖాయం. "వ"తోనే ఏదో...

— అక్కా, "విడవకు" అయ్యుంటుందా? మా గుంటూరు వైపు అలాగే అంటాం.