మడతలు పెట్టి చేసిన డమాస్కస్ కత్తిని పాత ఉక్కు కత్తికి నకలు అనవచ్చా?

కొలిమిగడ్డ:
"పూర్వపు పద్ధతిలోనే చేసిన డమాస్కస్" అంటూ ఇప్పుడు అమ్ముతున్నవాటిలో ఎక్కువభాగం అతుకుల కత్తులే. 1095 అనే కార్బన్ ఉక్కు పట్టీలు, నికెల్ 2 శాతం దాకా ఉండే 15ఎన్20 అనే ఉక్కు పట్టీలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వెలిగారం చల్లి, అతుకు కాకమీద సుత్తి దెబ్బలతో ఒక్క ముద్ద చేస్తారు. 15 పొరల దిమ్మెను సాగదీసి, నాలుగు ముక్కలు చేసి మళ్లీ పేరిస్తే 60 పొరలు, ఇంకోసారి చేస్తే 240. ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచగానే నికెల్ పొర మెరుస్తూ మిగిలి, రెండోది నల్లబడుతుంది. పని కష్టమైనదే, కాదనను. కానీ పాత డమాస్కస్ కత్తులు చేసిన ఇరాన్ కమ్మరుల దాగలి మీదకు వచ్చింది ఇది కాదు. మూసలో, అంటే నిప్పుకు ఆగే మట్టి పాత్రలో, కరిగి గడ్డకట్టిన ఒంటి ఉక్కు బిళ్ల అది. అందులో పొర లేదు, అతుకు లేదు. కాబట్టి దీన్ని దానికి నకలు అనడం తప్పు.

పదునురాయి:
సగం ఒప్పుకుంటాను. అతుకుల పని కూడా పాతదే కదండీ! ఐరోపాలో వైకింగుల కాలం కత్తుల్లో, ఇండోనేషియా క్రిస్ బాకుల్లో ఉన్నది అదే. వాటికి నకలు అంటే నిజమే అవుతుంది. పైగా కత్తి వాడటానికే అయితే పాతదానికంటే కొత్తదే మేలు. మూస ఉక్కులో కార్బన్ 1.5 శాతం దగ్గర ఉంటుంది, నీళ్లలో చల్లారిస్తే పెళుసెక్కి చిట్లుతుంది. అందుకే పాత కత్తులు చాలావాటిని అలా చల్లార్చి గట్టిపరచకుండా వదిలేశారు. 0.6 శాతం కార్బన్ ఉన్న 5160 అనే ఇప్పటి స్ప్రింగు ఉక్కును నూనెలో చల్లార్చి, మళ్లీ కాచి మెత్తబరిస్తే గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 50 దాటుతుంది, వంచితే తిరిగి నిలబడుతుంది. పాత కత్తి అంచు అంత గట్టిగా ఉండదు.

కొలిమిగడ్డ:
క్రిస్ మాట ఒప్పుకున్నాను. వాడకం సంగతీ సరే. నా గొడవ పేరు గురించి. "గట్టి పొర, మెత్తటి పొర కలిసి పదునూ వంపూ ఇస్తాయి" అని చెప్పి అమ్ముతారే, అది అస్సలు నిలవదు. అతుకు కాకలో, అంటే 1100 డిగ్రీల పైన, కార్బన్ పక్క పొరలోకి నిమిషాల్లోనే పాకుతుంది. రెండుమూడు కాకలు అయ్యేసరికి పొరలన్నిటిలోనూ కార్బన్ దాదాపు సమానం. మిగిలేది నికెల్ తేడా ఒక్కటే, అది కంటికి కనపడే చారకే పనికొస్తుంది. వెలిగారం సరిగా పారక పొర మధ్య పెచ్చు ఇరుక్కుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పదును పెట్టేటప్పుడు ఆ గీత దగ్గరే విచ్చుకుంటుంది.

ఇందూరు మట్టి:
మన దగ్గరి సంగతి ఒకటి చెప్పాలి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఉక్కు ఎలా చేసేవారో బ్రిటిష్ వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు హెన్రీ వాయిసీ రాసి పెట్టాడు, అది 1832లో అచ్చయింది. మిర్ట్‌పల్లి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు కలిపేవారట. మూస కొలిమిలో ఒక రాత్రీ ఒక పగలూ ఉండేది. బయటికి తీసిన బిళ్లను అలాగే కొట్టేవారు కాదు. మట్టి పూసి 12 నుంచి 16 గంటలు కాచి, చల్లార్చి, మళ్లీ మూడో సారి, నాలుగో సారి కాచేవారు, సుత్తికి లొంగేదాకా. పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి కొనుక్కుపోయేవారు.

ఆ కాపడం ఎందుకో నకలు చేసేవాళ్లలో చాలామందికి పట్టదు. బిళ్ల పైపొరలో కార్బన్ తగ్గి మెత్తటి తొడుగు ఏర్పడితేనే మొదటి దెబ్బలకు పగుళ్లు లోపలికి పాకవు. తొడుగు లేని బిళ్ల అంచుల దగ్గర బీటలు వారుతుంది. ఒకసారి పడిన ఆ బీట ఇక మానదు.

పదునురాయి:
ఇందూరు మట్టి గారూ, దక్షిణాదిలో మూసలో తంగేడు కట్టె, పచ్చి ఆకులు వేసేవారని చదివాను. అది ఆచారమా, పనికొచ్చేదా?

ఇందూరు మట్టి:
పనికొచ్చేదే. కట్టె బొగ్గై కార్బన్ ఇస్తుంది. ఆకుల నుంచి వచ్చే హైడ్రోజన్ ఇనుములోకి కార్బన్ ఎక్కడాన్ని వేగం చేస్తుందంటారు. మూతకు మట్టి మెత్తింది గాలి చొరబడకుండా. మూస మట్టిలో ఊక కలపడం కూడా అలాంటిదే: కాలిన ఊక మూసను ఆ వేడికి నిలబెడుతుంది.

ఖనిజ లెక్క:
అసలు ప్రశ్న దగ్గరికి వద్దాం. మూస ఉక్కు చేసినంత మాత్రాన పాత డమాస్కస్ కత్తి మీద కనపడే చారలు రావు. అమెరికాలో లోహశాస్త్రవేత్త వెర్‌హోవెన్, కత్తుల కమ్మరి పెండ్రే కలిసి 1998లో చూపింది ఇదే: వెనేడియం అనే లోహం 0.003 శాతం లాంటి చిటికెడు ఉన్నా చాలు. బిళ్ల నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు ఉక్కు చెట్టుకొమ్మల ఆకారంలో పేరుకుంటుంది, వెనేడియం ఆ కొమ్మల నడుమ చేరుతుంది. సాగదీస్తే ఆ కొమ్మలు రేకులవుతాయి. కార్బైడ్లు, అంటే ఇనుమూ కార్బనూ కలిసిన గట్టి గింజలు, కరిగిపోయే వేడికి కాస్త కిందనే ఆపి, కొట్టి, చల్లార్చి, మళ్లీ కాస్తూ పోతే గింజలు ఆ రేకుల వెంటే గుమికూడతాయి. మొదటి ఒకటి రెండు కాకల్లో ఏమీ కనపడదు, ఆరేడు అయ్యాక గీత తేలుతుంది. చెయ్యి జారి వేడి దాటితే కార్బైడ్ కరిగి చార పోతుంది, మళ్లీ మొదటి నుంచి కాకలు వేయాలి.

"మహమ్మద్ నిచ్చెన" అనే అడ్డచారలు కూడా పైపూత కాదు. కత్తి దాదాపు మందానికి వచ్చాక అడ్డంగా గాళ్లు కోసి, వాటిని కొట్టి సమం చేస్తారు. గాడి పడిన చోట లోపలి రేకులు పైకి వస్తాయి.

కొలిమిగడ్డ:
అయితే వెనేడియం ఖనిజం అయిపోవడం వల్లే ఆ విద్య పోయిందంటారా?

ఖనిజ లెక్క:
అది వెర్‌హోవెన్ వాళ్ల ఊహ, నేను దాన్ని రుజువు అనను. 19వ శతాబ్దంలో విదేశీ ఉక్కు దిగుమతీ, పోషించే దర్బారులు తగ్గడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. కానీ రెండు ఊళ్ల ఇనుము మూడు-రెండు పాళ్లలో కలపడం ఊరికే కాదని మాత్రం అంటాను. ఏ రాయి ఏం ఇస్తుందో వాళ్లకు చేతి అనుభవంతో తెలుసు.

పదునురాయి:
కొనేవాడు తేడా ఎలా పట్టాలి మరి?

కొలిమిగడ్డ:
10 రెట్ల భూతద్దం తీసుకుని కత్తి వీపు చూడండి. అతుకుల దాంట్లో గీతలు తెగకుండా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు సాగుతాయి, గోటితో గీస్తే మెట్లలా తగులుతాయి. మూస ఉక్కు చార చుక్కల వరస. తెల్లటి గింజలు, మధ్యలో ఖాళీ. గీత అక్కడక్కడ తెగుతూ, నీటి అలలా మెలికలు తిరుగుతుంది. అయినా అనుమానం తీరకపోతే బిళ్ల ఫొటో అడగండి. మూసలో చేసినవాడి దగ్గర గుండ్రటి అడుగు ఉన్న బిళ్ల ఉంటుంది. పొరల దిమ్మె ఫొటో పంపితే దాన్ని అతుకుల కత్తి ధరకే కొనండి.