కింది అంచు కోయాలా వద్దా? 30×40 పాత పోస్టరు

అల్లిపురం రీలు:
1960ల నాటి తెలుగు సినిమా పోస్టరు, 30×40 అంగుళాలు, ఎనిమిది గళ్లుగా మడిచింది. కింది తెల్ల అంచుని సిల్వర్‌ఫిష్ పురుగు కొరికేసింది. ముప్పావు అంగుళం కోసేస్తే నీటుగా ఉంటుందని జగదాంబ దగ్గర ఫ్రేములు కట్టే ఆయన అంటున్నాడు. కోస్తే రేటు పడిపోతుందా?

పాతకాగితం:
పడిపోతుంది, కోయకండి. శివకాశిదో మద్రాసుదో, ప్రెస్సు పేరు సాధారణంగా ఉండేది ఆ పట్టీలోనే. ఒరిజినలా రీప్రింటా అని తేల్చుకోడానికి కొనేవాడు ముందు వెతికేది ఆ లైనే. కోసింది దాచలేరు కూడా. ఒక్కో గడి 15×10 ఉండాలి. కింది వరుస తొమ్మిదింపావు వచ్చిందంటే కత్తి పడ్డట్టే. పాత అంచు గోధుమ రంగుకి తిరిగి ఉంటుంది, కొత్త కోత తెల్లగా పళ్లికిలిస్తుంది.

వన్‌షీట్:
గళ్ల లెక్క మరీ గట్టిగా పట్టుకోకండి, చేతి మడతల్లో పావంగుళం అటూ ఇటూ అవుతుంది. అమెరికన్ వన్‌షీట్, అంటే వాళ్ల మామూలు సైజు సినిమా పోస్టరు, 1980లకు ముందు 27×41, తర్వాత 27×40. అది తెలియక కొత్తవాటిని పట్టుకుని ‘అంగుళం కోసేశారు’ అని గోల చేసేవాళ్లున్నారు. మన పోస్టర్లు ఎక్కువగా గోడకెక్కి పోయినవే. రెండో కాపీ దొరకనప్పుడు తెల్ల అంచు కోసం బేరం ఎవడు వదులుకుంటాడు? బొమ్మలోకి, టైటిల్లోకి కత్తి దిగితే అది వేరే సంగతి.

గంజిడబ్బా:
అసలు కోయాల్సిన పనేముంది? ముందు పురుగు సంగతి చూడండి. మడిచినట్టే పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి తీసి సీలు చేసి, −18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు కవరు విప్పొద్దు, మన విశాఖ గాలికి చల్లటి కాగితం చెమ్మ పట్టేస్తుంది.

తర్వాత ఎర్ర రంగు మీద ఓ మూల ఒక్క నీటిచుక్క వేసి బ్లాటింగ్ పేపరుతో అద్దండి. రంగు దిగిందా, తడి పని మానేసి కన్సర్వేటర్‌కి, అంటే పాత కాగితాలు బాగుచేసే నిపుణుడికి ఇవ్వండి. దిగకపోతే వెనకవైపు జపనీస్ టిష్యూ (పలచగా ఉన్నా గట్టిగా ఉండే నార కాగితం) అంటించండి, పలచటి గోధుమ స్టార్చ్ గంజితో. మైదా వద్దు, దాన్లో గ్లూటెన్ ఎండాక బిగుసుకుంటుంది. పోయినచోట అదే మందం కాగితం, పాత అంచు కిందికి 2–3 మిల్లీమీటర్లు వెళ్లేలా. సెల్లోటేపు అసలొద్దు, జిగురు ఇంకి పసుపు మరకవుతుంది.

ఇక ఫ్రేము. యాసిడ్ లేని మౌంటు (ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్ట) తీసుకుని, అది పోస్టరు అంచు మీదికి ఒక అంగుళం వచ్చేలా మధ్యలో కిటికీ కోయించండి, కొరికిన భాగమంతా దాని కింద పడుతుంది. ఆయన కత్తి మౌంటు మీద ఆడాలి గానీ పోస్టరు మీద కాదు. పై అంచున రెండు టిష్యూ పట్టీలతో వేలాడదీస్తే చాలు. నాలుగు వైపులా అంటిస్తే వానాకాలంలో కాగితం సాగి అలలు తేలుతుంది.

అల్లిపురం రీలు:
మరి ప్రెస్సు లైను మౌంటు కింద ఉండిపోతే అమ్మేటప్పుడు ఎలా?

పాతకాగితం:
ఫ్రేము కట్టకముందే స్కేలు పెట్టి నాలుగు అంచులకీ ఫొటోలు తీసుకోండి. అతికించిన ముక్క సంగతీ చెప్పాలి.

వన్‌షీట్:
కోయొద్దంటే సరే, ఒప్పుకుంటా. కానీ లైను మొత్తం పురుగు తినేసి ఉంటే టిష్యూ పని ఖర్చు తిరిగి రాదు. ఉన్నదున్నట్టే మౌంటు వేసుకోండి. లైను ఎంత మిగిలింది?

అల్లిపురం రీలు:
సగం. ప్రెస్సు పేరు పోయింది, ‘శివకాశి’ చదవడానికి వస్తోంది.

పాతకాగితం:
అది చాలు. అంచు అలాగే ఉంచండి.