సంక్రాంతికి బయటి గోడలు కడగడం: ప్రెషర్ మిషనా, చేతి బ్రష్షా?

ఉలవపాడు_మేడ:
ముసురు వదిలింది. ఉత్తరం గోడంతా నల్లగా పాచి, పిట్టగోడ నుంచి కిందికి చారలు. రెండంతస్తుల ఇల్లు, బయట ఎమల్షన్ రంగు వేసి ఆరేళ్లు. కింద గోడకి రెండడుగుల ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పొంగింది. వసారా స్తంభాలకి మార్కాపురం పలక అతికించి ఉంది. పండక్కి ముందు కడిగించాలని, రంగు మాత్రం మార్చిలో వేయించాలని అనుకుంటున్నాం. నీళ్లు జోరుగా కొట్టే 120 బార్ ప్రెషర్ మిషన్ అద్దెకు దొరుకుతుంది, ఒక పూటలో అయిపోద్దంటున్నారు. రంగుల మేస్త్రేమో మిషన్ పెడితే గోడ పాడైపోద్ది, బ్లీచింగూ బ్రష్షే మేలంటున్నాడు. ఎవరి మాట వినాలి? కారణంతో సహా చెప్పండి.

ఒంగోలు_రంగులపని:
మీ మేస్త్రి మాట నిజం. ముందొక చిన్న పరీక్ష చెయ్యండి. పాచి లేని చోట, ఎండ బాగా తగిలే పడమటి గోడ మీద నల్లటి గుడ్డ పెట్టి గట్టిగా రుద్దండి. గుడ్డకి సుద్దలాగా పొడి అంటుకుంటే ఎమల్షన్‌లోని జిగురు ఎండకి చచ్చిపోయిందని అర్థం. మన ఎండల్లో ఆరేళ్ల రంగుకి ఇది మామూలే. అలాంటి గోడ మీద 120 బార్ నీళ్లు కొడితే మురికితోపాటు రంగూ పోతుంది. సమానంగా పోయినా బాగుండు, గన్ను తిప్పిన దారంతా పట్టీలు పట్టీలుగా తేలుతుంది. మార్చి దాకా ఆ పట్టీలు చూస్తూ ఉండాలి.

ఇక వెంట్రుకంత పగుళ్లు. కిటికీ మూలల్లో, సజ్జ గోడని కలిసే చోట, స్లాబుకీ ఇటుకకీ మధ్య ఇవి లేని ఇల్లు ఉండదు. మామూలు వాన వాటి మీద జారిపోతుంది. మిషన్ నీళ్లు మాత్రం లోపలికి తోసుకుపోయి రంగు పొర వెనక చేరతాయి. ఎండ తగలగానే ఆ చెమ్మ ఆవిరై పొరని బుడగలా లేపుతుంది. కడిగిన రోజు గోడ కళకళలాడుతుంది, బుడగలు రెండు మూడు వారాలకి బయటపడతాయి. అప్పటికి మిషన్ తెచ్చిన మనిషి ఊళ్లో ఉండడు, నింద రంగు మీద పడుతుంది.

కావలి_సైటు:
అన్నా, మీరు చెప్పిన నష్టాలన్నీ జరిగేవే, కాదనను. కానీ అవి మిషన్ వల్ల కాదు, నాజిల్ వల్ల, దూరం వల్ల. ఈ లెక్క చూడండి. 40 డిగ్రీల విసనకర్ర నాజిల్ గోడకి ఒక అడుగు దూరంలో ఉంటే నీళ్లు దాదాపు 9 అంగుళాల పట్టీగా పరుచుకుంటాయి. అదే నాజిల్ 4 అంగుళాల దగ్గరికి తెస్తే పట్టీ 3 అంగుళాలకి కుంచించుకుపోతుంది. నీళ్లు అవే, పడే చోటు మూడో వంతు. పనివాళ్లు చేసే తప్పు ఇదే. మచ్చ పోకపోతే దగ్గరికి జరుగుతారు, అక్కడే రంగు లేచిపోతుంది. మచ్చ పోలేదంటే పాచి ఇంకా చావలేదని, బ్లీచింగ్ మందు ఇంకోసారి కొట్టాలని.

నాజిళ్లకి రంగుల గుర్తులు ఉంటాయి: ఎరుపు 0, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40 డిగ్రీలు. ఇంటి గోడకి తెలుపు ఒక్కటే. ఎరుపుది, గిరగిర తిరిగే టర్బోది సంచిలోంచే బయటికి తియ్యొద్దు. అడుగున్నర దూరంతో మొదలుపెట్టి, ఎక్కడైనా మూలన రెండు చదరపు అడుగులు కొట్టి చూసి, అడుగు కంటే దగ్గరికి రాకూడదు. గన్ను ఎప్పుడూ పైనుంచి కిందికి వాలి ఉండాలి. కింద నిలబడి సజ్జ అడుగుకి ఎత్తి కొడితే మీరన్న పగుళ్లలోకి నీళ్లు ఎక్కించినట్టే. యూపీవీసీ కిటికీ రబ్బరు అంచు మీద, ఏసీ బయటి యూనిట్ రేకుల మీద అసలు కొట్టొద్దు. ఆ రేకులు వంగితే గాలి ఆడదు.

మిషన్ పెట్టేముందు సుత్తి పిడితో గోడంతా తట్టుకుంటూ పోవాలి. గుల్లగా మోగిన చోట సుద్దముక్కతో గీత గీసి వదిలెయ్యాలి. అక్కడ ప్లాస్టరింగ్ ఇటుకని వదిలేసి ఉంటుంది, నీళ్లు తగిలితే పెచ్చుగా ఊడి పడుతుంది.

మీ గోడకి గరుకు టెక్స్‌చర్ ఉంటే చేతి బ్రష్ గుంటల్లోకి పోదని కూడా చెప్పాలి. గట్టిగా రుద్దిన కొద్దీ గుట్టలు అరిగిపోతాయి, గుంటల్లో పాచి అలాగే ఉంటుంది.

నెల్లూరు_ఆక్వామందులు:
మీరిద్దరూ నీళ్ల గురించే వాదించుకుంటున్నారు. పాచిని చంపేది మందు. ముందు అది పాచేనా అని తేల్చుకోవాలి. నల్ల మచ్చ మీద బ్లీచింగ్ తేట ఒక చుక్క వేసి ఐదు నిమిషాలు చూడండి. నలుపు విరిగితే పాచి. అలాగే ఉంటే అది దుమ్మో పొగో, దానికి సబ్బు నీళ్లు చాలు, బ్లీచింగ్ దండగ.

విడవలూరు, ముత్తుకూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటలకి వాడే బ్లీచింగ్ పౌడరే ఇక్కడా పనికొస్తుంది. సంచి మీద క్లోరిన్ శాతం చూసుకోండి, 30 పైన ఉండాలి. మూతి విప్పి నెలల తరబడి ఉంచిన సంచి వద్దు, చెమ్మకి గడ్డకట్టి బలం పోయి ఉంటుంది. 10 లీటర్ల నీళ్లకి 300 గ్రాములు. దాంతో క్లోరిన్ ఒక శాతం దగ్గరికి వస్తుంది. 10 శాతం ద్రవం దొరికితే ఒక లీటరుకి 9 లీటర్ల నీళ్లు. ఇంకా చిక్కగా కలిపితే పాచి తొందరగా చావదు, రంగు పాలిపోతుంది, గ్రిల్లు తుప్పు పడుతుంది.

పౌడరు ప్లాస్టిక్ బకెట్లో కర్రతో కలిపి గంటసేపు కదిలించకుండా ఉంచాలి. అడుగున తెల్లటి మడ్డి దిగుతుంది. అది సున్నం, గోడ మీద పడితే అట్టకట్టి మళ్లీ తెల్ల మచ్చలవుతాయి. పైన తేట మాత్రం గుడ్డలో వడగట్టి వాడాలి. ఏ రోజుకి ఆ రోజే కలుపుకోవాలి.

ముందు గోడని మామూలు నీళ్లతో తడపండి. తరవాత తేట కింద నుంచి పైకి కొట్టండి. పైనుంచి మొదలుపెడితే జారిన ధారలు పొడి గోడ మీద గీతలు పడి, ఆ గీతలు తెల్లగా మిగిలిపోతాయి. 15 నుంచి 20 నిమిషాలు తడిగా ఉంచాలి, ఆరిపోతున్నట్టుంటే మళ్లీ చల్లాలి. ఆపైన నైలాన్ బ్రష్‌తో రుద్ది, ఈసారి పైనుంచి కిందికి కడగాలి. ఉత్తరం గోడకి ఈ కాలంలో రోజంతా నీడే కాబట్టి ఇబ్బంది లేదు. తూర్పు గోడ మధ్యాహ్నం తరవాత, పడమటి గోడ పొద్దున్నే చేసుకోండి. నున్నటి గోడకి 10 లీటర్లు 400 చదరపు అడుగుల దాకా వస్తాయి, గరుకు గోడకి తక్కువ.

పొలానికి వాడే వీపు స్ప్రేయరు మంచిదే గానీ, కలుపు మందు కొట్టింది ముట్టుకోవద్దు. ఎంత కడిగినా అడుగున మిగులుతుంది, గోడ పక్కన కరివేపాకు, మల్లె చెట్లు చస్తాయి. పని అయ్యాక మూడు ట్యాంకుల మంచినీళ్లు కొట్టి స్ప్రేయరు కడగాలి, లేకపోతే బ్లీచింగ్ వాషర్లని తినేస్తుంది. చెట్ల మొదళ్లు ముందే నానేటట్టు నీళ్లు పెట్టి, కడిగాక ఆకుల మీద మళ్లీ పోయండి. కంటికి అద్దాలు, చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి.

గూడూరు_1972:
ఇంత తతంగం ఎందుకు? బాత్రూం యాసిడ్ సగం నీళ్లు కలిపి కొడితే పాచీ పోద్ది, ఉప్పూ పోద్ది. చుట్టుపక్కల అందరూ చేసేది అదే.

కావలి_సైటు:
పెద్దవారు, ఏమీ అనుకోవద్దు, ఈ సలహా ఎవరూ పాటించకూడదు. యాసిడ్ సిమెంటులోని సున్నాన్ని కరిగించేస్తుంది. నురగ రావడం మురికి పోతున్న గుర్తనుకుంటారు, అక్కడ పోతున్నది గోడే. ఆరాక చెయ్యి రాస్తే ఇసుక రాలుతుంది, ఆ గరుకులో వచ్చే వానలకి పాచి ఇంకా ఎక్కువ పడుతుంది. యాసిడ్‌లోని క్లోరైడు పగుళ్లలోంచి సజ్జ కమ్మీలకి చేరితే తుప్పు పట్టి కమ్మి ఉబ్బుతుంది, సజ్జ అడుగు పెచ్చు ఊడుతుంది. ఉప్పుగాలి తగిలే ఉలవపాడు, కొత్తపట్నం ఇళ్లకి ఆ జబ్బు ఎటూ ఉన్నదే, మనం చేతులారా పెంచొద్దు. పైగా బ్లీచింగ్ చల్లిన గోడ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వాయువు లేస్తుంది. సజ్జ కింద, మెట్ల కింద మనిషికి ఊపిరి ఆడదు.

ఒంగోలు_రంగులపని:
యాసిడ్ విషయంలో తమ్ముడి మాటే నా మాట. గ్రిల్లు కింద కారిన తుప్పు చారలకి బ్లీచింగూ పనిచెయ్యదు. దానికి ఆక్సాలిక్ పొడి లీటరు గోరువెచ్చటి నీళ్లకి 50 గ్రాములు కలిపి, ఆ చార మీదే బ్రష్‌తో రాసి, పది నిమిషాలకి కడగాలి. బ్లీచింగ్ పని పూర్తిగా అయిపోయి, గోడ బాగా కడిగి, మర్నాడు చెయ్యాలి. రెండూ కలిస్తే ఇందాక చెప్పిన వాయువే.

ఇక కింద రెండడుగుల ఉప్పు. ఇక్కడ మిషనూ వద్దు, బ్రష్‌కి నీళ్లూ వద్దు. తడి చేస్తే ఉప్పు కరిగి లోపలికి పోయి, ఆరినప్పుడు మళ్లీ పైకి తేలుతుంది. పొడి పీచు బ్రష్‌తో రాల్చి, కింద పట్టా పరిచి, రాలినదంతా ఎత్తి దూరంగా పారబొయ్యాలి. గోడ మొదట్లోనే ఊడ్చి వదిలేస్తే నేల చెమ్మతో తిరిగి గోడలోకే ఎక్కుతుంది. ఇనప తీగల బ్రష్ వద్దు, విరిగిన తీగ ముక్కలు గోడలో ఉండిపోయి నెల తిరక్కుండా తుప్పు చుక్కలవుతాయి.

కందుకూరు_కరెంటు:
ఒక్క మాట చెప్పి పోతా. బయటి ప్లగ్గులు, గేటు లైట్లు, మోటారు స్టార్టరు ఎంసీబీలు దించాకే నీళ్లు తియ్యండి. మీటరు బాక్సుకి పాలిథీన్ చుట్టి టేపు వేసినా దాని చుట్టూ రెండడుగులు గుడ్డతోనే తుడుచుకోవాలి. మిషన్ ప్లగ్గు ఎర్త్ ఉన్న మూడు పిన్నులదై, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) మీదే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తడి నేల మీద కాకుండా కుర్చీ మీద. స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు ఉన్న వైపు అల్యూమినియం నిచ్చెన ఎత్తొద్దు. నిచ్చెన మీద నిలబడి ప్రెషర్ గన్ను నొక్కితే వెనక్కి తన్నుద్ది, మనిషి పడిపోతాడు. పై అంతస్తుకి సారవ కట్టుకోండి, లేదంటే మేడ మీద నుంచి పొడుగు కర్ర బ్రష్‌తో దించుకోండి.

ఉలవపాడు_మేడ:
అందరికీ దండాలు. గుడ్డ పరీక్ష చేశా. పడమట తెల్లగా పొడి అంటింది, ఉత్తరాన అంటలేదు. నల్ల మచ్చ బ్లీచింగ్ చుక్కకి విరిగింది. ఇప్పుడు మిషన్ పెట్టాలా వద్దా? పలక స్తంభాల సంగతేంది?

మార్కాపురం_పలక:
పలక మీద మిషన్ వద్దు. అది పొరలు పొరలుగా చీలే రాయి, అతికించాక బయటికి కనపడేది చీల్చిన ముఖమే. అంచు నుంచి నీళ్లు జోరుగా తగిలితే పై పొర రేకులా లేస్తుంది. పలక వెనక సిమెంటు ఎక్కడో ఒకచోట ఖాళీ వదిలే ఉంటుంది, అందులో నీళ్లు నిలిస్తే పలకే ఊడొస్తుంది. మెత్తటి బ్రష్, బకెట్ నీళ్లకి గిన్నెలు తోమే సబ్బు ద్రవం రెండు మూతలు, చీలిక వాటం వెంబడి రుద్దడం, అంతే. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే చివరిసారి మంచినీళ్లు పోసి గుడ్డతో ఒత్తండి. నల్లరాయి మీద ఉప్పు మరకలు ఎండలో కొట్టొచ్చినట్టు కనపడతాయి.

కావలి_సైటు:
నా లెక్క ఇది. పండగ ముందు ఉత్తరం గోడకి బ్లీచింగ్, బ్రష్, మామూలు పైపు. మిగతా గోడలకి దుమ్ము దులిపి సబ్బు నీళ్లు చాలు. నెల్లూరు, ప్రకాశంలో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ ఈశాన్య వానల తడికి ఇటుక లోపలి దాకా నానింది, దాని మీద ఇప్పుడు గంటకి 350 లీటర్లు కొట్టే మిషన్ వద్దు. మార్చిలో రంగుకి ముందు మాత్రం మిషన్ పెట్టాల్సిందే. పడమటి గోడ మీద పొడి అప్పుడు పూర్తిగా పోవాలి, లేకపోతే కొత్త ప్రైమరు గోడని కాకుండా ఆ పొడిని పట్టుకుని, దాంతోపాటే ఊడుతుంది.

ఒంగోలు_రంగులపని:
మార్చిలో మిషన్ అంటే సగం ఒప్పుకుంటా. పడమటి గోడకి సరే. సజ్జల చుట్టూ, కిటికీల చుట్టూ రెండడుగులు మాత్రం 120 నంబరు గరుకు కాగితంతో (సాండ్‌పేపర్) రుద్ది తడిగుడ్డతో తుడవడమే నా పద్ధతి, అందులో మార్పు లేదు. పగుళ్లు పూడ్చాకే అక్కడ నీళ్లు. కడిగాక ఎన్నాళ్లు ఆరాలనేదానికి రోజులు లెక్కపెట్టకుండా అడుగున్నర చదరం మందపాటి పాలిథీన్ కాగితాన్ని గోడకి నాలుగు వైపులా టేపుతో అతికించి రాత్రంతా ఉంచండి. పొద్దున లోపలి వైపు చెమట పట్టి ఉంటే ప్రైమరు డబ్బా మూత తియ్యొద్దు.

కావలి_సైటు:
పగుళ్లు ముందు పూడ్చడం వరకు ఒప్పుకుంటున్నా అన్నా. గరుకు గోడ కిటికీ చుట్టూ కాగితం రుద్దడం మాత్రం అయ్యే పని కాదు. అక్కడ పూడ్చిన పగుళ్లు ఆరాక, తెల్ల నాజిల్‌తో రెండడుగుల దూరం నుంచి కొట్టొచ్చు.

ఉలవపాడు గారూ, పిట్టగోడ నుంచి చారలు దిగుతున్నాయన్నారు. కడిగించేముందు ట్యాంకు పొంగు పైపు, ఏసీ నీళ్ల పైపు గోడ మీద పడుతున్నాయేమో చూడండి. సజ్జ అడుగున వేలు పెట్టి తడమండి. బయటి అంచుకి అంగుళం లోపల గాడి ఉండాలి. గాడి లేకపోతే వాన నీరు సజ్జ అడుగు వెంబడి పాకి గోడ దాకా వచ్చి, ఆ తడి మీద పాచి మళ్లీ పడుతుంది. పాత సజ్జకి ఇప్పుడు గాడి కొట్టించొద్దు, కమ్మి బయటపడుతుంది. పీవీసీ ఎల్ పట్టీని సజ్జ అంచు వెంబడి, ఒక రెక్క అర అంగుళం కిందికి వేలాడేటట్టు బయటి సీలెంటుతో అతికిస్తే నీళ్లు అక్కడే చుక్కలై రాలిపోతాయి. పిట్టగోడ పై తలానికి మేడ లోపలి వైపు వాలు వేయించండి, ఉత్తరం గోడ మీద చారలు అక్కడి నుంచే మొదలవుతున్నాయి.