సమస్యాపూరణం: "చావం గోరిన నరుండె చావక మిగిలెన్"

కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం పూరించవలసిన సమస్య ఇది; ఇచ్చిన పాదం చివర వచ్చేలా పద్యం చెప్పాలి.

చావం గోరిన నరుండె చావక మిగిలెన్ (కందం)
లేదా
చావఁ గోరువాఁడె చావకుండు (ఆటవెలది)

పూరణ 1597 అక్టోబరు 26న కొరియా నైరుతి కొసన, జిందో ద్వీపానికీ హేనామ్ తీరానికీ నడుమ ఉన్న మ్యోంగ్‌న్యాంగ్ జలసంధిలో జరిగిన నావికాయుద్ధాన్ని ఆధారం చేసుకొని ఉండాలి. దయచేసి రామాయణ భారతాల వైపు వెళ్లవద్దని మనవి. అక్కడ చావుకు తెగించి బ్రతికినవారు చాలామంది ఉన్నారు కనుక పని మరీ సులువైపోతుంది.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. జపాను రెండవసారి దండెత్తి వచ్చిన ఆ ఏడాది, కొరియా నౌకాధిపతి యి సున్‌సిన్ అభియోగాల పాలై పదవి పోగొట్టుకొని, చెరసాలలో ఉండి, చివరకు సామాన్య సైనికుడుగా మిగిలాడు. ఆయన స్థానంలోకి వచ్చిన వొన్ గ్యూన్ ఆగస్టులో చిల్చొల్యాంగ్ వద్ద నౌకాదళాన్ని దాదాపు మొత్తంగా పోగొట్టుకొని తానూ మరణించాడు. అప్పుడు సొంజో రాజు యి సున్‌సిన్‌కు తిరిగి అధికారమిచ్చాడు గాని, ఇక నౌకాదళం వదిలి నేల మీది సేనలో కలవమన్నాడు. తనకింకా పన్నెండు ఓడలున్నాయని ఆయన బదులు వ్రాశాడు. తరువాత మరొకటి చేరి పదమూడయ్యాయి. ఎదురుగా వచ్చినవి 133 అని ఆయన తన దినచర్యలో వ్రాసుకున్నాడు. పోరుకు ముందునాడు తన నాయకులను పిలిచి, చావుకు సిద్ధపడినవాడు బ్రతుకుతాడని, బ్రతకాలని చూసినవాడు చస్తాడని ప్రాచీన చీనా యుద్ధశాస్త్రంలోని మాటను చెప్పాడు. మన సమస్య ఆ మాటలో సగమే. విరోధం అక్కడే ఉంది; దానిని విప్పడం మీ పని.

సాగరమిత్ర:

ఏవంకనుఁ జూచిన రిపు
నావలె యైననుఁ దొలఁగక నావికపతి తాన్
జేవం జూపుచుఁ బోరెను;
చావం గోరిన నరుండె చావక మిగిలెన్.

నిర్వాహకుడు: సాగరమిత్ర గారూ, మీ పూరణ గణయతిప్రాసలలో నిర్దోషంగా ఉంది. అభినందనలు. అయితే నా అభ్యంతరం ఛందస్సు గురించి కాదు. చేవ చూపి పోరినవాడు బ్రతికాడని చెప్పడం సమస్యను మరోసారి చెప్పడమే గాని విప్పడం కాదు. చిల్చొల్యాంగ్‌లోనూ చేవ గలవారు పోరారు; వారు మిగలలేదు. ఎందువల్ల ఇక్కడ మిగిలాడో పద్యం చెప్పాలి. ఇందులోని సముద్రం ఏ సముద్రమైనా కావచ్చు, సేనాపతి ఎవరైనా కావచ్చు.

కొత్తకలం:

నౌక లింకఁ గలవు నాకుఁ బండ్రెండని
వ్రాసి పంపెఁ జుమ్ము రాజుకడకు;
నొకటి చేర్చి పోరె నరిసేన నెదిరించి;
చావఁ గోరువాఁడె చావకుండు.

నిర్వాహకుడు: మొదటి పాదం చక్కగా కుదిరింది, ఆయన మాట యథాతథంగా ఆటవెలదిలో ఒదిగిపోయింది. మూడవ పాదంలో యతి తప్పింది. 'నొకటి'లోని ఒకారానికి 'నరిసేన'లోని అకారంతో మైత్రి లేదు. "నొకటి చేర్చి పోరె నుగ్రుఁడై యరులతో" అనండి, సరిపోతుంది. విషయానికి వస్తే, పన్నెండుకు ఒకటి కలిపితే పదమూడవుతాయి గాని గెలుపు కాదు. ఉత్తరం నుండి గెలుపు దాకా మీరు ఒక్క గంతులో వచ్చారు; నడుమ ఉన్నదే యుద్ధం.

కొత్తకలం: సవరణకు ధన్యవాదాలు గురువుగారూ. నడుమ ఉన్నదానికి మరో పద్యం కావాలేమో!

తీరవాసి:

త్రోవ యిఱుకు, నీటి వడికి
నావలు వందలు గలసియు నడువఁగ నగునే?
యా వేళఁ బోటు దిరిగెను;
చావం గోరిన నరుండె చావక మిగిలెన్.

నిర్వాహకుడు: ఇప్పుడు కారణం వచ్చింది. ఆ జలసంధి అతి ఇరుకైన చోట వెడల్పు సుమారు 300 మీటర్లే. నీరు గంటకు ఇరవై కిలోమీటర్ల దాకా వడితో పరుగెత్తి, దాదాపు ఆరేసి గంటలకు దిశ మార్చుకుంటుంది. ఆ హోరును బట్టి స్థానికులు దానిని ఉల్దోల్మోక్ అని పిలుస్తారు. అలాంటి చోట 133 ఓడలున్నవాడు కూడా ఒకేసారి కొద్ది ఓడలనే ముందుకు తోయగలడు. మొదట జపాను ఓడలకు కలిసివచ్చిన ప్రవాహం తరువాత వాటికే ఎదురు తిరిగింది. వెనక్కు మళ్లబోయిన ఓడలు వెనుక వస్తున్నవాటితో డీకొన్నాయి. ఇదంతా మీ మూడు పాదాలలో ఇమిడింది. 'నావలు వందలు' అనే అతిశయోక్తి అవసరం లేదు. "నావలు నూఱును గలసియు" అంటే గణం చెడదు, లెక్కా దగ్గరగా ఉంటుంది.

మరొక మాట. సేనాపతి ఆ సాయంత్రం చెప్పినది ఒక్క మాట కాదు, రెండు. చావుకు సిద్ధపడినవాడు బ్రతుకుతాడన్నది మొదటిది. ఇరుకు దారిని ఒక్కడు అడ్డగిస్తే వేయిమందికి భయం పుట్టించగలడన్నది రెండవది. మొదటిదే మన సమస్య అయితే రెండవదే దాని పూరణ. ఆయన రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పాడు. మనవాళ్లు మాత్రం మొదటిదానినే పట్టుకొని వీరరసంలో మునిగిపోతున్నారు. మీరు రెండవదానిని పట్టుకున్నారు. అయితే మీ పద్యంలో త్రోవ ఉంది, నీరు ఉంది, పోటు ఉంది. దారిని అడ్డగించిన ఆ 'ఒక్కడు' లేడు. నాలుగవ పాదంలో హఠాత్తుగా ఒక నరుడు ఊడిపడ్డాడు.

తీరవాసి: అంగీకరిస్తున్నాను. నీటిని చెప్పబోయి మనిషిని మరిచాను. 'నూఱును' అన్న సవరణ స్వీకరిస్తున్నాను.

పద్యప్రియ:

త్రోవను గూర్మాకృతి గల
నావలు నిప్పులు గురియఁగ నవ్వుచు నిలిచెన్
భావమున భయము లేకయె;
చావం గోరిన నరుండె చావక మిగిలెన్.

నిర్వాహకుడు: అమ్మా, ధార బాగుంది గాని తాబేటి ఓడలు ఈ పోరులో లేవు. 1592లో యి సున్‌సిన్ వాటిని నడిపిన మాట నిజమే. చిల్చొల్యాంగ్ ఓటమిలో అవి కూడా పోయాయి. మ్యోంగ్‌న్యాంగ్‌లో నిలిచిన పదమూడూ పనోక్సన్ అనే ఎత్తైన రెండంతస్తుల ఓడలే. వాటి అడుగు బల్లపరుపు కనుక ఉన్నచోటనే చుట్టూ తిరగగలిగేవి. పై అంతస్తు ఎత్తుగా ఉండడం వల్ల, ఓడ నుండి ఓడకు దూకి కత్తియుద్ధం చేయాలనుకునే జపాను సైనికులకు అందేవి కావు. తమ పెద్ద ఫిరంగులు పేలినప్పటి ఎదురుదెబ్బను తట్టుకొనేవి. "త్రోవను ఫిరంగు లెత్తిన" అని మార్చండి. 'నవ్వుచు' కూడా నాకు నచ్చలేదు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అధిపతి ఓడలోనే సైనికులు ఒకరి ముఖం ఒకరు చూసుకొని వెలవెలబోయారని ఆయనే వ్రాశాడు.

కొత్తకలం: సందేహం గురువుగారూ. 'ఫిరంగు' జగణం (లఘువు, గురువు, లఘువు) కదా, కందంలో పనికివస్తుందా?

నిర్వాహకుడు: బేసి గణాలలోనే జగణం కూడదు. ఇది రెండవ గణం, దోషం లేదు.

గోదారిగట్టు:

తోడి నావలన్ని దూరాన నిలువంగ
నొంటి నావఁ బూని యొడ్డె నురము
పోటు మరలు దాఁకఁ; బోరి గెల్చె నతండు;
చావఁ గోరువాఁడె చావకుండు.

నిర్వాహకుడు: ఇంతవరకు వచ్చినవాటిలో నాకు బాగా నచ్చిన పూరణ ఇది. తీరవాసి గారు మరిచిన మనిషి ఇక్కడ ఉన్నాడు, ఆయన చెప్పిన పోటూ ఉంది; రెంటినీ కలిపిన మాట 'దాఁక'. నీరు తిరగడం గెలుపునకు కారణమే గాని, అది తిరిగేవరకు ఎవరో ఒకరు అక్కడ ఉండాలి. ఉండడానికి చావుకు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాడు గనుకనే నీరు తిరిగే వేళకు బ్రతికి ఉన్నాడు. సమస్యలోని విరోధం ఇక్కడ నిజంగా విడిపోయింది.

'తోడి నావలన్ని దూరాన నిలువంగ' అన్నది అతిశయోక్తి అనుకునేవారికోసం దినచర్యలోని ఒక ఘట్టం చెబుతాను. పోరు మొదలైనప్పుడు అధిపతి ఓడ ఒక్కటే ముందుకు వెళ్లింది. తక్కినవి వెనుకనే ఆగిపోయాయి. వెనక్కు మళ్లి వారిని మందలిద్దామంటే, ఆయన వెనుదిరిగాడని అందరూ పారిపోతారు. అందుచేత ఉన్నచోటనే ఉండి, రమ్మని జెండా ఎత్తించాడు. గోజే నాయకుడు ఆన్ వీ ఓడ ముందుగా దగ్గరకు వచ్చింది. ఓడ అంచున నిలబడి, సైనికశాసనం చేత చావాలని ఉందా, పారిపోతే ఎక్కడ బ్రతుకుతావని యి సున్‌సిన్ అతనిని కేక వేసి అడిగాడు. ఆన్ వీ శత్రువుల నడుమకు దూసుకుపోయాడు. జపాను సైనికులు చీమల వలె అతని ఓడను పట్టుకొని ఎగబాకితే, లోపలివారు దుడ్డుకర్రలతో, పొడవాటి ఈటెలతో, చివరకు నీటి ఒరిపిడికి నునుపెక్కిన గుండ్రాళ్లతో చేతులు పడిపోయేదాకా కొట్టారు. అధిపతి ఓడ తిరిగి వచ్చి ఆదుకుంది.

చిన్న సూచన. మూడవ పాదంలో విరామం నడుమ పడడం వల్ల, 'ఒడ్డె నురము పోటు మరలు దాఁక' అని కలిపి చదవకపోతే అర్థం చెదురుతుంది. అది దోషమని అనను. చదివేవారు జాగ్రత్త పడాలి, అంతే.

ఏటిగాలి:

భీతిఁ దొలఁగి పాఱె బేసోలు దళవాయి
బ్రతుకుమీఁది తీపి పట్టి యీడ్వ;
రెండు వత్సరములు నిండక తల దెగె;
చావఁ గోరువాఁడె చావకుండు.

నిర్వాహకుడు: సమస్యను వెనుక నుండి విప్పారు. సేనాపతి మాటలో మనం వదిలిపెట్టిన రెండవ సగం, బ్రతకాలని చూసినవాడు చస్తాడన్నది, తీసుకొని దానితో మొదటి సగాన్ని నిలబెట్టారు. కొరియా నౌకానాయకుడు బే సోల్ పోరుకు ముందే దళాన్ని విడిచి పారిపోయాడు. 1599లో పట్టుబడి శిరచ్ఛేదానికి గురయ్యాడు. 'రెండు–నిండక' ప్రాసయతి హాయిగా ఉంది. కొరియా పేరుకు ఉత్వం చేర్చి 'బేసోలు' అన్నా, 'దళవాయి' పక్కన ఎబ్బెట్టుగా లేదు.

అయినా ఒక్కటి గుర్తు చేయక తప్పదు. రాజుకు వ్రాసిన ఆ పన్నెండు ఓడలు ఎక్కడివి? చిల్చొల్యాంగ్‌లో ఓటమి ఖాయమని తెలిసి బే సోల్ తప్పించి తెచ్చినవే. అప్పుడు కూడా అతడు పారిపోయినవాడే. ఆ పలాయనం లేకుంటే కొత్తకలం గారి మొదటి పాదమే లేదు. పద్యం అతనిని ఒక్క గీతతో కొట్టివేసింది. చరిత్ర అంత సుళువుగా కొట్టివేయలేదు.

ఏటిగాలి: ఈ సంగతి తెలిసే వ్రాశాను గురువుగారూ. నాలుగు పాదాలలో అతనికి తీర్పు చెప్పడానికే చోటు దొరికింది, వాదన వినడానికి చోటు చాలలేదు.

సాగరమిత్ర: నాదొక ప్రశ్న. చావకుండునని అందరమూ పూరిస్తున్నాం గాని, ఆయన మరుసటి సంవత్సరమే చనిపోయాడు కదా?

ఏకాంతవీణ: సాగరమిత్ర గారి ప్రశ్నకు సమాధానంగా.

మరుసటేఁట వచ్చె మరణమ్ము గుండుగా;
చెప్పఁ గూడ దనుచుఁ జెప్పి యొఱగె;
భేరి యాగలేదు; వెఱవలే దొకఁడును;
చావఁ గోరువాఁడె చావకుండు.

నిర్వాహకుడు: 1598 డిసెంబరు 16న నోర్యాంగ్ పోరులో తుపాకి గుండు తగిలి ఆయన కూలాడు. పోరు తీవ్రంగా ఉంది, నా మరణం బయటికి చెప్పవద్దన్నాడు. దగ్గరున్న కొడుకు, అన్న కొడుకు ఆ మాట దాచి ఉంచారు. అన్న కొడుకు యి వాన్ ఆయన పేరిట ఆజ్ఞలిస్తూ పోరు నడిపించాడు. గెలిచిన తరువాతనే సంగతి తెలిసింది. 'చెప్పఁ గూడ దనుచుఁ జెప్పి' అన్న పాదాన్ని ఎవరు వ్రాసినా గర్వపడవచ్చు. నియమం ప్రకారం పోరు మారింది కనుక పోటీలో చేర్చలేను. పైగా ఇక్కడ 'చావకుండు' అన్నది లక్షణార్థంలో, అంటే పోలికగా, నిలిచింది. మ్యోంగ్‌న్యాంగ్‌లో అది వాచ్యార్థంలోనే, ఉన్న మాటగానే, నిజం. వాచ్యంగా నిజమైనచోటనే సమస్యకు పదును ఎక్కువని నా అభిప్రాయం. మిత్రులు విభేదించవచ్చు.

ఏకాంతవీణ: విభేదిస్తున్నాను గాని నియమాన్ని మన్నిస్తున్నాను.

నిర్వాహకుడు: ఆనవాయితీ ప్రకారం నా పూరణ.

ఏ వేళ మరలునో జల
మా వేళకు వేచి నిలిచె మరణపుటెదుటన్;
నావకు నావయె తగిలెను;
చావం గోరిన నరుండె చావక మిగిలెన్.

తీరవాసి: బాగుంది గురువుగారూ. అయితే 'మరలునో' అన్నచోట నాకు అభ్యంతరం ఉంది. ఆటుపోట్ల వేళ తీరంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. అంతటి సేనాపతికి తెలియదన్నట్టు సందేహార్థకం ఎందుకు? ఆయన లెక్క వేసుకొనే నిలిచాడని అనరాదా?

నిర్వాహకుడు: ఆలోచించే వ్రాశాను. చోటును లెక్క వేసుకున్నాడనడానికి ఆధారం ఉంది: కొద్దిపాటి ఓడలతో జలసంధిని వీపున పెట్టుకొని నిలవకూడదని, పోరుకు ముందునాడే జిందోలోని బ్యొక్పాజిన్ రేవు నుండి హేనామ్ తీరంలోని ఉసుయొంగ్ ఎదుటికి దళాన్ని మార్చాడు. నీటి వేళను కూడా ఎరిగే ఉంటాడు. అయితే ఆ వేళ వచ్చేవరకు తన ఓడ తేలి ఉంటుందా, వెనుకనున్న పన్నెండూ ముందుకు వస్తాయా అన్నది ఏ లెక్కకూ అందదు. ముప్పైయొక్క శత్రునౌకలను చెండాడి, తన ఓడ ఒక్కటి కూడా పోగొట్టుకోని ఆ రోజు రాత్రి ఆయన దినచర్యలో వ్రాసుకున్నది తన వ్యూహం ఫలించిందని కాదు, ఇది దైవానుగ్రహమని. అందుకే 'మరలునో' అన్నదానిని అలాగే ఉంచుతున్నాను.