చర్చ: మిసిసిపీ మీద ప్రయాణికుల స్టీమర్లను యుద్ధానికి దింపడం సరైన పనేనా?

నౌకాచరిత్ర:
అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) ఉత్తరాది (కేంద్ర ప్రభుత్వం), దక్షిణాది (విడిపోయిన రాష్ట్రాలు) రెండూ నదుల్లో తిరిగే స్టీమర్లను కొని ఫిరంగులు ఎక్కించాయి. నా దృష్టిలో అది డబ్బు దండగ. వాటిలో బాయిలర్లు, ఇంజన్లు డెక్ మీదే బయటికి కనిపిస్తాయి. ఒక్క గుండు తగిలితే అంతే. నదిని గెలిచింది ఉత్తరాది కోసం ఇంజనీరు ఈడ్స్ కట్టిన, ఇనుము తొడిగిన ఏడు పడవలే.

గోదారిగట్టు:
దండగ అనకండి. 1861 జూన్‌లో ఉత్తరాది నౌకాదళ అధికారి జాన్ రోడ్జర్స్ సిన్సినాటిలో కొన్న టైలర్, లెగ్జింగ్టన్, కోనెస్టోగా అనే స్టీమర్లనే చూడండి. బాయిలర్లను పడవ అడుగుకు దించి, ఆవిరి గొట్టాలనూ కిందికి మార్చి, చుట్టూ 5 అంగుళాల ఓక్ పలకలు బిగించారు. ఆగస్టుకల్లా మూడూ ఇల్లినాయ్‌లోని కైరో చేరాయి. ఈడ్స్‌కు కాంట్రాక్టు దక్కిందే ఆ నెలలో! ఆయన పడవలు 1862 జనవరిలో గానీ సేవలోకి రాలేదు. అప్పటిదాకా అక్కడి నదుల్ని కాసింది ఈ చెక్క పడవలే. ఏప్రిల్ 6న టెనెసీలోని షైలో దగ్గర వెనక్కి నెట్టబడిన ఉత్తరాది జనరల్ గ్రాంట్ సేనకు దన్నుగా రాత్రంతా గుళ్లు కురిపించిందీ టైలర్, లెగ్జింగ్టన్‌లే.

నౌకాచరిత్ర:
ఓక్ పలక తుపాకి గుండును ఆపుతుంది, ఫిరంగి గుండును కాదు. ఎస్సెక్స్ ఒక ఫెర్రీని మార్చి ఇనుము తొడిగిన పడవ. దక్షిణాది కోట ఫోర్ట్ హెన్రీ దగ్గర గుండు బాయిలర్‌లోకి దూరి, మరిగే ఆవిరి సిబ్బందిని కాల్చేసింది.

గోదారిగట్టు:
మౌండ్ సిటీ అనే పడవ మాటేమిటి మరి? అది ఈడ్స్ కొత్తగా కట్టిందే. 1862 జూన్ 17న అర్కాన్సాస్‌లోని సెయింట్ చార్లెస్ దగ్గర ఆవిరి డ్రమ్ముకు గుండు తగిలి, సుమారు 175 మందిలో 100 మందికి పైగా పోయారు. పాతదా కొత్తదా అన్నది కాదండి, ఆవిరి సామాను ఎక్కడుందన్నదే ప్రశ్న.

పత్తిచేను:
ఇద్దరూ దక్షిణాది పడవల్ని వదిలేశారు. రెండు వరసల పలకల మధ్య పత్తి కూరి, ముక్కుకు ఇనుము తొడిగి, ఢీకొట్టడానికే పంపారు. 1862 మే 10న మిసిసిపీ మీద ప్లమ్ పాయింట్ దగ్గర సిన్సినాటి, మౌండ్ సిటీ అనే పడవలు రెండింటినీ ముంచాయి (తర్వాత వాటిని పైకి తీసి బాగుచేశారు). అవి ఈడ్స్ పడవలే! జూన్ 6న మెంఫిస్‌లో మాత్రం ఎనిమిదింట్లో ఏడు పోయాయి. ఏ పడవ కెప్టెన్ ఇష్టం ఆ కెప్టెన్‌దే. బోరెగార్డ్, ప్రైస్ అనే సొంత పడవలే ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. అవతల ఉత్తరాది ఇంజనీరు ఎలెట్ ఢీకొట్టడానికే మార్చిన తన స్టీమర్లకు 12 నుంచి 16 అంగుళాల మందం దూలపు గోడలు మూడింటిని ఈ కొస నుంచి ఆ కొసకు వేయించాడు. ఢీకొన్నప్పుడు బాయిలర్లు పీఠం మీంచి జారకుండా ఇనుప కడ్డీలతో కట్టించాడు. పత్తికి నిప్పంటుకుంటే మాత్రం ఆర్పడం కష్టం. ఎలెట్ పడవ క్వీన్ ఆఫ్ ద వెస్ట్ దక్షిణాది చేతికి చిక్కాక, 1863 ఏప్రిల్‌లో ఫిరంగి గుండుకు పత్తి అంటుకునే పేలిపోయింది.

నౌకాచరిత్ర:
ఢీకొట్టడం వరకు ఒప్పుకుంటాను. కోటల మీదికి మాత్రం ఇనుప పడవలే పోవాలి.

గోదారిగట్టు:
కోటలెన్ని ఉంటాయండీ? మిగతా కాలమంతా సరుకు పడవలకు కాపలా, గట్ల మీద పొంచి కాల్చేవాళ్లతో పోరు. ఈడ్స్ పడవకు 6 అడుగుల నీళ్లు కావాలి. వేసవిలో కంబర్లాండ్, టెనెసీ నదుల్లో అంత లోతు దొరకదు. అందుకే 1862 నుంచి వెనక చక్రం ఉన్న చిన్న స్టీమర్లకు అర, ముప్పావు అంగుళం ఇనుప రేకు తొడిగి, 24 పౌండ్ల గుండ్లు పేల్చే హోవిట్జర్లు (పొట్టి ఫిరంగులు) పెట్టి, అరవైకి పైగా దింపారు. వాటికి 3 అడుగుల నీళ్లు చాలు.